ఆ ఏడువందల గుడ్డముక్కలు: లండన్ మ్యూజియం ధర్మకర్తలకు సోలాపూర్ నుంచి బహిరంగ లేఖ

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ధర్మకర్తల మండలి సభ్యులకు, డైరెక్టర్ ట్రిస్ట్రమ్ హంట్ గారికి,



మీ దగ్గరున్న నేతగుడ్డల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. విగ్రహాలు, కత్తులు, వజ్రాలు తిరిగి ఇమ్మని మీ దేశపు మ్యూజియంలకు ఎన్నో ఉత్తరాలు వచ్చి ఉంటాయి. గుడ్డముక్కలు అడిగినవాళ్లు తక్కువే అయి ఉంటారు. అడగాల్సినవాళ్లం మేమే. నేసేవాళ్లం కాబట్టి.

మా ఊరు మహారాష్ట్రలో ఉంది. అయినా ఊరి తూర్పువైపు సాఖర్ పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్ దాకా వస్తే సందుసందునా తెలుగు వినిపిస్తుంది. కరువులు తరిమితే, మిల్లు బట్టతో పోటీ పడలేక ఇంట్లో మగ్గం కడుపు నింపకపోతే, నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు తరాల తరబడి ఇక్కడికి వలస వచ్చారు. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు లేచింది. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. ఆ మిల్లులన్నీ మూతపడ్డా మగ్గం మమ్మల్ని వదల్లేదు, మేమూ దాన్ని వదల్లేదు. ఇవాళ మరమగ్గాల మీద చద్దర్లు, టర్కీ తువాళ్లు నేస్తున్నాం. ఆడవాళ్లు ఇంటి పని చేసుకుంటూనే బీడీలు చుడతారు. శ్రావణ పౌర్ణమికి మేం కొలిచే మార్కండేయుడి రథం కదిలితే పేటలన్నీ వీధిలోనే ఉంటాయి. నేను జకార్డు డిజైన్లు గీస్తాను. గ్రాఫ్ కాగితం మీద ఒక్కొక్క గడి నింపి, దాన్ని అట్టలకు ఎక్కించే పని.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెప్తాను. 2024 జూలైలో మీ మ్యూజియం నుంచి పులిగోళ్లు అనే ఆయుధం, మరాఠీలో వాఘ్ నఖ్, సాతారాకు వచ్చింది. పేపర్లలో, టీవీల్లో వారాల తరబడి అదే వార్త. మంత్రులు లండన్ వెళ్లి సంతకాలు చేసి వచ్చారు. మూడేళ్ల గడువుకు అరువు. అవి శివాజీ మహారాజు వాడినవేనని ఖాయంగా చెప్పలేమని మీరే అన్నారు. అయినా జనం బారులు తీరి చూశారు. ఆ అభిమానాన్ని నేను తక్కువ చేయను. సోలాపూర్ మిల్లు కార్మికులు 1930లో తెల్లదొరల మార్షల్ లా చూసినవాళ్లు. మరుసటి ఏడాది జనవరిలో ఈ ఊరివాళ్లు నలుగురు ఎరవాడ జైల్లో ఉరికంబం ఎక్కారు. చరిత్ర మీద మమకారం మాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. కానీ అదే మ్యూజియంలో, అదే ఈస్టిండియా కుంపిణీ చేతుల మీదుగా చేరిన మా గుడ్డ సంగతి ఇటు ప్రభుత్వాలూ ఎత్తలేదు, అటు మీరూ ఎత్తలేదు.

ఆ గుడ్డ మీకెలా చేరిందో మీ రికార్డుల్లోనే ఉంది. ఇది ముఖ్యంగా మా తెలుగు పాఠకుల కోసం చెప్తున్నాను. ఈస్టిండియా కంపెనీ లండన్‌లో ఇండియా మ్యూజియం అని ఒకటి నడిపింది. 1858 నుంచి దాని బాధ్యత జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే స్కాట్లండ్ డాక్టరు చేతికి వచ్చింది. బొంబాయి సైన్యంలో వైద్యుడిగా పనిచేసి వెళ్లినవాడు. ఇండియాలో ఏం పండుతుంది, ఏం తయారవుతుంది, బ్రిటన్‌కు ఏది పనికొస్తుంది అని లెక్క తీసి చెప్పడమే ఆయన ఉద్యోగం. మ్యూజియం గోదాములో దేశం నలుమూలల నుంచి వచ్చిన చీరలు, ధోవతులు, తలపాగాలు, లుంగీలు, రుమాళ్లు ఉన్నాయి. వాటిని కత్తిరించి 1866లో 18 సంపుటాల సెట్లు కట్టించాడు. ఒక్కో సెట్టులో 700 నమూనాలు. అలాంటివి 20 సెట్లు. అంటే కత్తెర కింద పడ్డ ముక్కలు 14 వేలు. ఒక్కో ముక్క పక్కన ఆ గుడ్డ దేనికి వాడతారు, పొడవెంత, వెడల్పెంత, బరువెంత, ఏ ఊరిది అని అచ్చువేశారు. ఈ 20 సెట్లనూ ఇరవై పారిశ్రామిక మ్యూజియంలని వాట్సన్ తానే పిలిచాడు. అందులో 13 మీ దేశంలోని నగరాలకు పోయాయి, 7 ఇక్కడికి వచ్చాయి. ఎందుకు కట్టించాడో కూడా దాచుకోలేదు. హిందూదేశంలో ఎవరు ఏ బట్ట ఎలా కడతారో మీ మిల్లు యజమానులకు తెలియాలి, తెలిస్తే అలాంటిదే నేసి ఇక్కడివాళ్లకే అమ్మవచ్చు. అదీ ఉద్దేశం.

చేతిలో ఇమిడే ముక్క చూసి ఏం తెలుస్తుందని మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు. మా ఖార్ఖానాలో ఏ పొద్దు వచ్చి చూసినా తెలుస్తుంది. వ్యాపారి ఒక ముక్క తెచ్చి బల్ల మీద పడేస్తాడు. దాని మీద ఇంచి కిటికీ ఉన్న భూతద్దం పెడతాం. సూది మొనతో ఒక్కో పోగు జరుపుకుంటూ లెక్కపెడతాం. ఇంచికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని. తర్వాత అంచు నుంచి ఒక పోగు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పురి విప్పుతాం. మెలిక ఎటు తిరిగింది, ఒంటిపోగా, జంటపోగా, ఏ నంబరు నూలు అన్నది వేళ్లకే తెలిసిపోతుంది. అనుమానం మిగిలితే పోగుకు నిప్పు అంటిస్తాం. నూలైతే కాగితం కాలిన వాసన, పట్టయితే వెంట్రుక కాలిన వాసన. ఆపైన గుడ్డ తిరగేసి వెనకవైపు చూస్తాం. రంగు పోగు ఎక్కడ తేలింది, ఎక్కడ మునిగింది, వెనక తెగిందా, సాగిందా. గుట్టంతా వెనకే ఉంటుంది. అవన్నీ గ్రాఫ్ కాగితం మీదికి దిగితే పడుగు పైకి లేచే చోట గడి నిండుతుంది, లేవని చోట ఖాళీగా ఉంటుంది. ఇక అట్టలు కొట్టి మగ్గానికి కట్టడమే మిగిలింది. ఆ ముక్క వచ్చిన గుడ్డ ఎన్నేళ్ల కిందటిదైనా మళ్లీ నేయగలం.

నేత చదవడం వచ్చినవాడికి ఆ ముక్క పూర్తి పాఠం. ఆ సంగతి వాట్సన్‌కు తెలుసు, మాంచెస్టర్ మిల్లులకు తెలుసు. అందుకే ముక్కలు చేశారు.

ఆ సంపుటాలే మా మగ్గాలను ముంచేశాయని నేను అనను. 1866 నాటికే మీ మిల్లు బట్ట ఇక్కడి బజార్లు నింపేసింది. అప్పటికీ మిల్లుకు లొంగకుండా మిగిలిన అంచు చీరలు, తలపాగాలు, రుమాళ్ల రహస్యం పట్టుకోవడానికే ఈ నమూనాలు. వాటిలో ఎన్నింటిని నిజంగా కాపీ కొట్టగలిగారన్నది చరిత్రకారులు తేల్చాలి. నా ఫిర్యాదు వేరు. ఒక చేతివృత్తివాడి విద్యను అతణ్ని అడక్కుండా, అతని పేరు రాయకుండా, అతనికి ఒక్క పైసా ముట్టకుండా పుస్తకం కట్టి పోటీదారుడి బల్ల మీద పెట్టారు. ఊరు పేరు ఉంది, కొలత ఉంది, బరువు ఉంది. నేసినవాడి పేరు ఒక్క చోటా లేదు. అందుకే ఆ 700లో మా ముత్తాతల చేతి గుడ్డ ఉందో లేదో చెప్పే దారి మాకు లేకుండా పోయింది.

నకలు అంటే ఏమిటో మా పేటకు బాగా తెలుసు. ముందు ఒక రంగు, తిరగేస్తే దానికి ఎదురు రంగు వచ్చేలా నేసే చద్దరు మా ఊరి పేరు మీద దేశమంతా అమ్ముడుపోతుంది. వేరే ఊళ్లలో నేసింది కూడా సోలాపూర్ చద్దరు పేరుతోనే అమ్ముతారు. దాన్ని ఆపడానికే సోలాపూర్ చద్దరుకూ, తువాలుకూ భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. ఒక ఊరి నేత ఆ ఊరి సొత్తు అని ఇవాళ చట్టమే ఒప్పుకుంటోంది. 1866లో ఆ చట్టం లేదు. చట్టం లేకపోయినంత మాత్రాన న్యాయం అప్పుడు వేరేగా లేదు.

ఏడు సెట్లు ఇండియాకు పంపారు కదా అని మీరు అడగవచ్చు. పంపారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు వంటి నగరాలకు, వ్యాపారుల, అధికారుల అందుబాటులో ఉండేలా పంపారు. మా పేటలో ఆ సంపుటం తెరిచి చూసిన నేతకారుణ్ని నేను ఎరగను. వాటిని వెతికి, బాగు చేసి, నేతవాళ్ల ముందు పెట్టాల్సిన పూచీ మా ప్రభుత్వాలది. ఆ మాట వాళ్లనూ అడుగుతాం, మీ మీద నెట్టం. ప్రెస్టన్‌లోని హారిస్ మ్యూజియం తన సంపుటాలను డిజిటల్ చేసింది. మీ వెబ్‌సైట్‌లోనూ వేల బట్టల ఫొటోలున్నాయి. ఆ పనికి కృతజ్ఞతలు. కానీ ఫొటోలో వెనకవైపు కనపడదు. పోగు విప్పడానికి రాదు. రంగు కూడా తెరను బట్టి మారిపోతుంది.

తిరిగి ఇస్తే మా దగ్గర భద్రంగా ఉంటాయా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఈ వివాదాల్లో ఎప్పుడూ మొదట వచ్చేది అదే. దీనికి జవాబు అమరావతి శిల్పాలు చెప్పాలి.

కృష్ణా నది ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ మహాస్తూపం రాళ్లను 1845లో కుంపిణీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు. 1859లో నూటికి పైగా శిల్పాలు అక్కడి నుంచి ఓడెక్కాయి. లండన్‌లో అవి చేరింది ఇదే ఇండియా మ్యూజియంకు, ఇదే ఫోర్బ్స్ వాట్సన్ అధీనంలోకి. ఫైఫ్ హౌస్ అనే భవనంలో చోటు చాలక కొన్నింటిని బయటి గోడకు పెట్టారు. లండన్ వానకూ మంచుకూ ఆ మెత్తటి సున్నపురాయి దెబ్బతింది. మిగిలినవి బండ్లు పెట్టుకునే కొట్టంలో పడి ఉంటే 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటపడ్డాయి. మరుసటేడు ఆయన వాటి మీద పెద్ద గ్రంథం రాశాక గానీ లోకానికి వాటి విలువ తెలియలేదు. 1880 నాటికి ఇండియా మ్యూజియం సొత్తు పంపకాలు అయ్యాయి. అమరావతి రాళ్లు బ్రిటిష్ మ్యూజియంకు పోయాయి. బట్టలు, వాటితో పాటు శ్రీరంగపట్నంలో దోచుకున్న టిప్పు పులిబొమ్మ మీ వాటాకు వచ్చాయి. తెలుగువాళ్ల రాయీ, మగ్గాలవాళ్ల గుడ్డా ఒకే కప్పు కింద ఉండి రెండు దారులు పట్టాయి. రాయిని అప్పుడు బయట తడవనిచ్చారు, గుడ్డను కత్తిరించారు. ఇవాళ మీరు ఎంతో జాగ్రత్తగా కాపాడుతున్నారు, నిజమే. కానీ భద్రత తెల్లవాళ్ల దగ్గర పుట్టుకతో ఉంది, మా దగ్గర లేదు అనే వాదన ఆ ఫైఫ్ హౌస్ గోడ దగ్గరే పడిపోయింది. 2023లో అదే బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు రెండు వేల వస్తువులు పోయాయనో, పాడయ్యాయనో తేలి డైరెక్టరు రాజీనామా చేశాడు.

మా వైపు తప్పులు లేవని చెప్పను. ప్రకాశం జిల్లా చందవరంలో తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పం దొంగల పాలై, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. మా సొత్తును మా వాళ్లే కాపాడుకోలేకపోయిన కథ అది. అయినా అది దొంగసొత్తని రుజువైనప్పుడు 2016లో ఆస్ట్రేలియా తిరిగి ఇచ్చేసింది. మీరు సరిగా చూసుకోలేదు కాబట్టి ఇవ్వం అనలేదు. ఇవ్వాల్సింది ఇచ్చారు, కాపాడుకునే బాధ్యత మాకు అప్పగించారు. అదే సరైన పద్ధతి.

గుడ్డ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలని నేతవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వెలుగు 50 లక్స్ దాటకూడదు, గాలిలో తేమ నిలకడగా ఉండాలి, పురుగు సోకకూడదు. మా ఊళ్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అందుకని రేపే పార్సిల్ కట్టి మా ఇంటికి పంపమని అడగడం లేదు. ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయంలో సంరక్షణ విద్య తెలిసిన నిపుణులున్నారు. వాళ్ల సలహాతో ఒక చల్లటి చీకటి గది సోలాపూర్‌లోనూ కట్టుకోవచ్చు. వేల మరమగ్గాలకు షెడ్లు కట్టిన ఊరికి ఒక గది కట్టడం బరువు కాదు.

ఇక చట్టం. మీ చేతులు కట్టేసి ఉన్నాయని మీరంటారు. బ్రిటిష్ మ్యూజియంకు 1963 చట్టం, మీకు 1983 నాటి నేషనల్ హెరిటేజ్ చట్టం. సేకరణలోని వస్తువును ధర్మకర్తలు వదులుకోకూడదు అని అందులో ఉంది. ఈ చట్టాన్ని తిరిగి చూడాలని హంట్ గారు బహిరంగంగానే అన్నారు. ఆ మాటను మేం మర్చిపోలేదు. అయితే అదే చట్టంలో ఒక సందు ఉంది. మీ సేకరణలో ఉన్న మరో వస్తువుకు నకలైతే దాన్ని ఇచ్చేయడానికి ధర్మకర్తలకు అధికారం ఉంది. వాట్సన్ చేసిన పనంతా ఒకే గుడ్డను ఇరవై ముక్కలు చేయడమే కదా! ఒకే తలపాగా నుంచి కోసిన రెండు ముక్కలు మీ దగ్గర ఎక్కడ ఉన్నా, వాటిలో ఒకటి తిరిగి ఇవ్వడానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. మీ మండలి కూర్చుని తీర్మానం చేస్తే చాలు. ఈ వాదన నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ మీ ముందు పెట్టలేదు. అందుకే పెడుతున్నాను.

మనసుంటే మార్గం దొరుకుతుందని గ్లాస్గో చూపించింది. 2022 ఆగస్టులో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఏడు భారతీయ వస్తువుల యాజమాన్యాన్ని తిరిగి ఇచ్చే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో ఒకటి హైదరాబాదు కత్తి. 1905లో నిజాం ఖజానా నుంచి ఆయన ప్రధానమంత్రే ఎత్తుకెళ్లి ఒక బ్రిటిష్ జనరల్‌కు అమ్మాడని అక్కడి మ్యూజియం వాళ్లే చెప్పారు. దొంగతనం మా ఇంటివాడిదే అయినా, కొన్నది దొంగసొత్తే కాబట్టి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. గ్లాస్గోవి నగరపాలక సంస్థ మ్యూజియంలు, మీ చట్టం వాటికి లేదు. అందుకే ఆ పదమూడు సెట్లలో నగరాల మ్యూజియంలకు చేరిన వాటి సంగతి కూడా ఈ ఉత్తరం ద్వారానే అడుగుతున్నాను. వాళ్లకు అడ్డం చెప్పే 1983 చట్టం లేదు.

గడువు పెట్టి ఇవ్వడం మీకు అలవాటైన దారి. సాతారాకు మూడేళ్లు. ఘనాలోని కుమాసీకి 2024లో అశాంతే రాజుల బంగారం, అదీ మూడేళ్లే. 1874 యుద్ధంలో ఎత్తుకెళ్లిన నగలను సొంతదారులకే గడువు మీద పంపడం చూసి నాకు బాధ కలిగింది. ఇంట్లోంచి పోయిన వస్తువు చుట్టపుచూపుగా రావడం ఏం మర్యాద? చట్టం మారేదాకా వేరే దారి లేదంటే కాదనను, దాన్నే తిరిగి ఇవ్వడమని మాత్రం ఒప్పుకోం.

ఎవరికి ఇవ్వాలన్నది నిజంగా చిక్కు ప్రశ్న. గుడ్డ మద్రాసు ప్రెసిడెన్సీదైతే ఆంధ్రకా, తమిళనాడుకా? మేం తెలుగువాళ్లం, ఉండేది మహారాష్ట్రలో. ప్రభుత్వాల మధ్య మాటలైతే గుడ్డ ఢిల్లీకి చేరి ఇంకో గోదాములో పడుతుందన్న భయం మాకూ ఉంది. అమెరికాలో 1990 నుంచి ఒక చట్టం ఉంది. ఆదివాసీ తెగల అస్థికలనూ, పవిత్ర వస్తువులనూ ఆ తెగలకే అప్పగించాలని. రాష్ట్రాలకు కాదు, ఆ మనుషులకు. గుడ్డకూ అదే న్యాయం వర్తించాలి. నేసే చేతులున్న చోటికి అది రావాలి. సోలాపూర్ ఒక్కటే అని అనను. చీరాల, పోచంపల్లి, గద్వాల, సిరిసిల్ల, కంచి, వెంకటగిరి, అందరం పంచుకుంటాం. మ్యూజియం అద్దాల వెనక వేలాడదీసి ముట్టుకోవద్దని బోర్డు పెట్టే పనైతే, అది లండన్‌లో ఉన్నా ఇక్కడ ఉన్నా నేతవాడికి తేడా లేదు. మా ప్రభుత్వాల వాళ్లు ఈ ఉత్తరం చదివితే ఈ మాట వాళ్లకు కూడా.

మేం కోరేది చెప్తాను. వాట్సన్ సంపుటాల్లోనివి, వాటి కోసం కోసిన గుడ్డల మిగులు ముక్కలు, ఇండియా మ్యూజియం నుంచి వచ్చిన నేతబట్టలు మీ దగ్గర ఏమేం ఉన్నాయో ఊరి పేర్లతో ఒక జాబితా బయటపెట్టండి. నకళ్లుగా తేలినవి యాజమాన్యంతో సహా తిరిగి ఇవ్వండి. 2025 మేలో తూర్పు లండన్‌లో మీరు తెరిచిన స్టోర్‌హౌస్‌లో ఎవరైనా ముందుగా కోరుకుంటే వస్తువు బయటికి తీసి చూపిస్తున్నారు. లండన్ వాళ్లకు దక్కిన ఆ అవకాశం మగ్గం మీద బతికేవాళ్లకూ దక్కాలి. దారి ఖర్చులు మీ మ్యూజియం భరించి, ఏటా కొందరు నేతవాళ్లనూ డిజైనర్లనూ పిలిపించండి. గుడ్డ తిరగేసి వెనకవైపు చూడనివ్వండి, లెక్కపెట్టుకోనివ్వండి, గ్రాఫ్ గీసుకోనివ్వండి. అలా గీసిన డిజైన్ల మీద హక్కు నేసేవాళ్లదేనని రాసి ఇవ్వండి. 1983 చట్టాన్ని సవరించమని మీ పార్లమెంటును మీ అంతట మీరే అడగండి.

వీటిలో మొదటిదానికి ఏ చట్టమూ అడ్డం రాదు, పెద్ద ఖర్చూ లేదు. మీ తదుపరి మండలి సమావేశంలోనే దాన్ని చర్చకు పెట్టి, ఆ జాబితాను ఈ ఏడాదిలోగా ప్రచురించమని కోరుతున్నాను. జవాబు ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు. మా పేటలో చదివి వినిపించేవాళ్లున్నారు.

ఇట్లు
సోలాపూర్ తూర్పు పేటల నుంచి ఒక జకార్డు డిజైనర్